ఓడ చూసే వైపు, ఓడ సాగే దారి: నౌక దిశనూ గమనాన్నీ తెలిపే పదాలకు సమగ్ర మార్గదర్శి

నేల మీద నడిచే బండి ఎటు ముఖం పెడితే అటే పోతుంది. నీటి మీద ఆ నియమం చెల్లదు. ఓడ ముక్కు సరిగ్గా ఉత్తరానికి ఉన్నా ప్రవాహం దాన్ని తూర్పుకు నెడుతూ ఉండవచ్చు, గాలి పక్కకు తోస్తూ ఉండవచ్చు, ఇంజను ఆపేసినా బరువు కొద్దీ అది ఇంకా ముందుకు సాగుతూనే ఉండవచ్చు. అందుకే నావికులు 'దిక్కు' అనే ఒక్క మాటతో సరిపెట్టుకోరు. ఓడ ముక్కు చూసే దిక్కుకు ఒక పదం, పోవాలనుకున్న దిక్కుకు ఒక పదం, నిజంగా పోయిన దారికి మరో పదం వాడతారు.

ఈ పదాలను జాబితాగా బట్టీ పట్టినవారు వాటిని త్వరగానే తారుమారు చేసుకుంటారు. వాటిని నిలుపుకోవడానికి ఒకే మార్గం ఉంది. ఏ పదం ఎదురైనా, ఇది దేనితో పోల్చి చెప్పిన దిక్కు అని ముందుగా అడగాలి. ఓడతో పోల్చినదా, ఉత్తరంతో పోల్చినదా, చుట్టూ ఉన్న నీటితో పోల్చినదా, అడుగున కదలకుండా ఉన్న నేలతో పోల్చినదా? ఈ మార్గదర్శి ఆ క్రమంలోనే ఒక్కొక్క మెట్టుగా సాగుతుంది. మర్చంట్ నేవీలో చేరబోయే విద్యార్థులకూ, సముద్రపు వేటకు వెళ్లే కుటుంబాల పిల్లలకూ, తుపాను వార్తలను సరిగా అర్థం చేసుకోవాలనుకునే పాఠకులకూ ఇది ఉపయోగపడాలని నా కోరిక. విశాఖ రేవులో పనిచేసే తెలుగువారైనా, విదేశీ నౌకల్లో పనిచేసే తెలుగువారైనా నిత్యం పలికేది ఇంగ్లీషు పదాలే కనుక ఇక్కడా వాటినే వాడుతున్నాను. పక్కన ఒక కాగితం, పెన్సిలు, కోణమానిని పెట్టుకుని చదివితే లెక్కలను అక్కడికక్కడే గీసి చూసుకోవచ్చు.

మొదటి మెట్టు: ఓడలోని వైపులు

కాగితం మీద కోలగా ఒక ఓడ ఆకారాన్ని గీసి, ఒక కొసను మొనదేలినట్టు చేయండి. ఆ మొన ఉన్న ముందుభాగం బౌ, వెనుకభాగం స్టెర్న్. ఓడ లోపల ముందువైపును ఫార్వర్డ్ అనీ, వెనుకవైపును ఆఫ్ట్ అనీ అంటారు. బౌ వైపు ముఖం పెట్టి నిలబడినప్పుడు ఎడమచేతి పక్క పోర్ట్, కుడిచేతి పక్క స్టార్‌బోర్డ్. ఇవి మనిషికి ఎడమ కుడులు కావు, ఓడకు ఎడమ కుడులు. మీరు వెనక్కు తిరిగి నిలబడితే మీ ఎడమ మారుతుంది, పోర్ట్ మారదు. హోరుగాలిలో, చీకటిలో, ఒకరు ముందుకూ ఇంకొకరు వెనక్కూ చూస్తూ పనిచేస్తున్నప్పుడు 'ఎడమవైపు తాడు వదులు' అంటే ఎవరి ఎడమ అనే ప్రశ్న వస్తుంది. 'పోర్ట్ తాడు' అంటే ఆ ప్రశ్నే ఉండదు. పోర్ట్‌కు బదులు వెనకటి రోజుల్లో లార్‌బోర్డ్ అనే పదం ఉండేది. అది స్టార్‌బోర్డ్‌తో కలిసిపోయి చెవికి ఒకేలా వినిపించడం ప్రమాదకరమని గుర్తించి, 1844లో బ్రిటిష్ నౌకాదళం దాన్ని విడిచిపెట్టి పోర్ట్ అనే మాటనే వాడాలని ఉత్తర్వు ఇచ్చింది.

ఇప్పుడు మీ బొమ్మకు రంగులు వేయండి. పోర్ట్ వైపు ఎరుపు, స్టార్‌బోర్డ్ వైపు ఆకుపచ్చ. రాత్రివేళ ఓడలు వెలిగించే పక్కదీపాల రంగులు ఇవే. ఒక్కొక్క పక్కదీపం సూటిగా ముందు నుంచి తన వైపు 112.5 డిగ్రీల మేర మాత్రమే కనిపించేలా అమర్చి ఉంటుంది. మిగిలిన 135 డిగ్రీల వెనుకభాగాన్ని తెల్లని స్టెర్న్ దీపం చూసుకుంటుంది. మూడింటినీ కూడితే సరిగ్గా 360. ఈ ఏర్పాటు వల్ల చీకట్లో ఎదుటి ఓడ ఆకారం కనిపించకపోయినా దాని ముఖం ఎటుందో చెప్పవచ్చు. ఎరుపు ఒక్కటే కనిపిస్తే మీకు దాని పోర్ట్ పక్క కనిపిస్తోందని, అది మీ చూపుకు కుడి నుంచి ఎడమకు సాగుతోందని అర్థం. ఎరుపు, ఆకుపచ్చ రెండూ ఒకేసారి కనిపిస్తే అది సూటిగా మీ మీదికే వస్తోంది. దిగువన ఒక్క తెల్లదీపం మాత్రమే కనిపిస్తే సాధారణంగా మీరు దాని వెనుక ఉన్నారు. సముద్రం చూసే అవకాశం ఉన్నవారు రాత్రిపూట ఒడ్డున కూర్చుని ఈ దీపాలను చదవడం సాధన చేయాలి. ఈ పదాలు ఒంటపట్టడానికి అంతకంటే మంచి అభ్యాసం నాకు తెలియదు.

రెండో మెట్టు: ఓడ నుంచి చుట్టూ చూడటం

ఓడ బయట ఉన్న వస్తువు ఎటుందో చెప్పే పదాలు తరువాత వస్తాయి. సూటిగా ముందున్నది అహెడ్, సూటిగా వెనుక ఉన్నది ఆస్టెర్న్. ఓడ పొడవుకు లంబంగా, సరిగ్గా పక్కన ఉన్నది అబీమ్. ముందుకూ పక్కకూ మధ్యనున్న దిశను కూడా బౌ అనే అంటారు, పక్కకూ వెనక్కూ మధ్యనున్న దిశ క్వార్టర్. కాబట్టి 'పోర్ట్ బౌలో పడవ' అంటే ముందు ఎడమ మూలన, 'స్టార్‌బోర్డ్ క్వార్టర్‌లో పడవ' అంటే వెనుక కుడి మూలన అని గ్రహించాలి.

ఇంకా కచ్చితంగా చెప్పాలంటే డిగ్రీలు కావాలి. ఓడ ముక్కును సున్నాగా తీసుకుని గడియారం ముల్లు తిరిగే వైపుగా 360 వరకు కొలిచిన కోణాన్ని రిలెటివ్ బేరింగ్ అంటారు. దాన్నే ముక్కు నుంచి ఇరువైపులా 180 వరకు లెక్కించి, పోర్ట్ వైపైతే రెడ్ అనీ, స్టార్‌బోర్డ్ వైపైతే గ్రీన్ అనీ చేర్చి చెప్పే పద్ధతి కూడా ఉంది. కాపలాదారు 'గ్రీన్ ఫోర్ ఫైవ్' అని అరిస్తే కుడివైపు 45 డిగ్రీల్లో ఏదో ఉందని బ్రిడ్జ్‌లోని, అంటే ఓడను నడిపే గదిలోని, అధికారి తక్షణం తల తిప్పుతాడు. పాతకాలంలో వృత్తాన్ని 32 పాయింట్లుగా విభజించేవారు, ఒక్కో పాయింటు 11.25 డిగ్రీలు. పక్కదీపాల లెక్కలో మనం చూసిన వింతైన 112.5 సంఖ్య అక్కడి నుంచే వచ్చింది. బీమ్ దాటి రెండు పాయింట్లు వెనక్కు వెళితే, అంటే 90కి 22.5 చేరిస్తే, అదే అవుతుంది. ఆ గీతకు వెనుక నుంచి సమీపించే ఓడను అంతర్జాతీయ నియమాలు 'ఓవర్‌టేకింగ్' ఓడగా పరిగణిస్తాయి, తప్పుకుని పోవలసిన బాధ్యత దానిదే.

మూడో మెట్టు: ఉత్తరాన్ని ఆధారంగా తీసుకోవడం

ఓడ తిరిగితే రిలెటివ్ బేరింగ్ మారిపోతుంది, కనుక పటం మీద గీయడానికి అది నేరుగా పనికిరాదు. పటానికి ఉత్తరం కావాలి. ఓడ ముక్కు ఈ క్షణంలో చూస్తున్న దిక్కును ఉత్తరం నుంచి కొలిస్తే వచ్చేది హెడింగ్. దీన్ని ఎప్పుడూ మూడంకెల్లోనే రాయాలి, పలకాలి: ఉత్తరం 000, తూర్పు 090, దక్షిణం 180, పడమర 270. ఐదు డిగ్రీలైనా 005 అనే రాస్తారు, అంకెలను విడివిడిగా పలుకుతారు.

ఒక వస్తువు ఉత్తరం నుంచి ఎన్ని డిగ్రీల్లో కనిపిస్తోందో చెప్పేది ట్రూ బేరింగ్. హెడింగ్‌కు రిలెటివ్ బేరింగ్‌ను కూడితే అది వస్తుంది, మొత్తం 360 దాటితే 360 తీసేయాలి. చెన్నై నుంచి విశాఖకు సూటిగా గీత గీస్తే ఆ దిశ ఉజ్జాయింపుగా 032. ఆ హెడింగ్‌తో సాగే ఓడకు గోదావరి డెల్టా సరిగ్గా పోర్ట్ బీమ్‌లోకి వచ్చినప్పుడు రిలెటివ్ బేరింగ్ 270, ట్రూ బేరింగ్ 302. అదే ఓడకు గ్రీన్ 45లో ఒక పడవ కనిపిస్తే దాని ట్రూ బేరింగ్ 077. రెడ్ 45లో కనిపిస్తే 032 నుంచి 45 తీసి, 360 కలిపి, 347గా చెప్పాలి. ఈ మూడు లెక్కలనూ కాగితం మీద గీసి సరిచూసుకోండి.

ఉత్తరాలు మూడు రకాలు ఉండటం ఇక్కడి అసలు చిక్కు. భూమి ధ్రువాన్ని చూపేది ట్రూ ఉత్తరం, అయస్కాంత క్షేత్రం చూపేది మాగ్నెటిక్ ఉత్తరం, ఓడలోని ఇనుము ప్రభావానికి లోనై దిక్సూచి ముల్లు నిజంగా చూపేది కంపాస్ ఉత్తరం. మొదటి రెండింటి తేడా వేరియేషన్. అది ఓడ ఉన్న చోటును బట్టి మారుతుంది. మన తూర్పు తీరంలో చాలా స్వల్పం, దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ దగ్గర 25 డిగ్రీల వరకు పడమరకు ఉంటుంది. చివరి రెండింటి తేడా డీవియేషన్. అది ఆ ఓడకే సొంతం, పైగా హెడింగ్ మారినప్పుడల్లా మారుతుంది. కంపాస్ నుంచి ట్రూకు వెళ్లేటప్పుడు తూర్పు తేడాను కూడాలి, పడమటి తేడాను తీసేయాలి. కంపాస్ 047 చూపుతూ, డీవియేషన్ 2 తూర్పు, వేరియేషన్ 1 పడమర అయితే మాగ్నెటిక్ 049, ట్రూ 048.

బేరింగ్ విలువ తెలిసినవారికి సముద్రంలో అన్నింటికన్నా ముఖ్యమైన ఒక పరీక్ష చేతికి వస్తుంది. సమీపిస్తున్న ఓడ కంపాస్ బేరింగును కొన్ని నిమిషాల తేడాతో పలుమార్లు తీసుకోవాలి. బేరింగ్ గుర్తించదగినంతగా మారుతూ ఉంటే ఆ ఓడ మన ముందు నుంచో వెనుక నుంచో దాటిపోతుంది. బేరింగ్ మారకుండా దూరం మాత్రం తగ్గుతూ ఉంటే రెండూ ఢీకొనే దారిలో ఉన్నాయి. ఎదుటి ఓడ చాలా పెద్దదైనా, మరీ దగ్గరగా ఉన్నా, బేరింగ్ కొంత మారుతున్నప్పటికీ ప్రమాదం ఉండవచ్చని 1972 నాటి అంతర్జాతీయ నియమాలు ప్రత్యేకంగా హెచ్చరిస్తాయి. చిన్న పడవల్లో వేటకు వెళ్లేవారు కూడా ఈ పరీక్షను తప్పక నేర్చుకోవాలి, దీనికి దిక్సూచి తప్ప మరే పరికరమూ అక్కరలేదు.

నాలుగో మెట్టు: నీటి మీద దారి, నేల మీద దారి

ఎక్కువమంది తడబడే చోటు ఇదే కనుక ఇక్కడ నెమ్మదిగా నడుద్దాం. హెడింగ్ అంటే ముక్కు చూసే దిక్కు. కోర్సు అంటే అధికారి నడపదలచిన దిక్కు, చుక్కాని పట్టినవాడికి చెప్పిన దిక్కు. అలల వల్ల హెడింగ్ కోర్సుకు అటూ ఇటూ ఊగుతూ ఉంటుంది. కోర్సు ఒక నిర్ణయం, హెడింగ్ ఒక క్షణకాలపు వాస్తవం. ఓడ అడుగునున్న నేలతో పోల్చి చూసినప్పుడు నిజంగా సాగిన దిశ కోర్స్ ఓవర్ గ్రౌండ్, పటం మీద అది గీసిన దారి ట్రాక్.

వేగం విషయంలోనూ ఈ భేదమే. నీటితో పోల్చిన వేగాన్ని లాగ్ అనే పరికరం కొలుస్తుంది. నేలతో పోల్చిన వేగాన్ని జీపీఎస్ చెబుతుంది, దాని పేరు స్పీడ్ ఓవర్ గ్రౌండ్. రెండింటినీ నాట్లలోనే చెబుతారు. ఒక నాటికల్ మైలు 1,852 మీటర్లు, గంటకు ఒక నాటికల్ మైలు వేగమే ఒక నాట్. 'గంటకు పది నాట్లు' అని పత్రికల్లో కనిపించే వాడుక సరికాదు, ఎందుకంటే గంట నాట్‌లోనే ఇమిడి ఉంది.

ప్రవాహం ఎటు పోతోందో ఆ దిక్కు సెట్, దాని వేగం డ్రిఫ్ట్. గాలికి మాత్రం ఆ వచ్చే దిక్కు పేరే పెడతారు. ఈశాన్యపు గాలి అంటే ఈశాన్యం నుంచి వచ్చేది, ఈశాన్యపు సెట్ అంటే ఈశాన్యానికి పోయేది. ఈ వ్యత్యాసాన్ని మరిచినవారు ఓడ లెక్కను పూర్తిగా తలకిందులు చేస్తారు. మన తీరం వెంబడి సాగే ప్రవాహం ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. సుమారుగా ఫిబ్రవరి నుంచి మే వరకు అది ఉత్తరాభిముఖంగా, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు దక్షిణాభిముఖంగా సాగుతుంది. అందువల్ల ఒకే ఓడ, ఒకే ఇంజను వేగంతో చెన్నై నుంచి విశాఖకు మార్చిలో త్వరగా, నవంబరులో ఆలస్యంగా చేరవచ్చు.

ఇప్పుడు ఒక లెక్క గీద్దాం. ఓడ హెడింగ్ 000, నీటిలో వేగం 10 నాట్లు. ప్రవాహపు సెట్ 090, డ్రిఫ్ట్ 2 నాట్లు. పది సెంటీమీటర్ల గీతను పైకి గీసి, దాని కొన నుంచి రెండు సెంటీమీటర్ల గీతను కుడికి గీయండి. మొదలును చివరి కొసతో కలిపే గీతే నేల మీద ఓడ దారి. కోణమానినితో కొలిస్తే కోర్స్ ఓవర్ గ్రౌండ్ సుమారు 011, స్కేలుతో కొలిస్తే వేగం 10.2 నాట్లు. ఓడ ముక్కు గంటసేపు ఉత్తరాన్నే చూసినా గంట తిరిగేసరికి అది రెండు నాటికల్ మైళ్లు తూర్పుకు జరిగి ఉంటుంది. రాతి దిబ్బ ఉన్న చోట ఆ రెండు మైళ్లు ప్రాణాంతకం.

సరిగ్గా ఉత్తరానికే పోవాలంటే ముక్కును ప్రవాహానికి ఎదురుగా, అంటే పడమర వైపు, సుమారు 11.5 డిగ్రీలు తిప్పి ఉంచాలి. హెడింగ్ 348.5 అవుతుంది, నేల మీద వేగం 9.8 నాట్లకు తగ్గుతుంది. గోదావరిని అడ్డంగా దాటే నావ నడిపేవాడు పడవ ముక్కును ఎగువకు పెట్టి ఎదుటి రేవుకు చేర్చేది ఈ లెక్కతోనే, కాకపోతే ఆయన దాన్ని కంటితో, చేతితో చేస్తాడు.

గాలి వల్ల పక్కకు జరగడాన్ని డ్రిఫ్ట్ అనకూడదు, అది లీవే. ప్రవాహం చుట్టూ ఉన్న నీటితో సహా ఓడను మోసుకుపోతుంది. గాలి మాత్రం ఓడను నీటి మీద పక్కకు తోస్తుంది. కాబట్టి ఎత్తుగా కంటైనర్లు పేర్చిన ఓడకు లీవే ఎక్కువ, నిండా సరుకుతో లోతుగా మునిగిన ట్యాంకరుకు తక్కువ. గాలి వచ్చే వైపు విండ్‌వర్డ్, గాలి పోయే వైపు లీవర్డ్. లీవర్డ్ వైపున తీరం ఉంటే దాన్ని లీ షోర్ అంటారు. ఇంజను చెడిన ఓడను గాలి నెట్టుకుపోయి పడేసేది ఆ తీరం మీదనే కనుక నావికులు ఆ పేరు వింటేనే జాగ్రత్తపడతారు.

ఐదో మెట్టు: ఓడ ఏ స్థితిలో ఉంది

చట్టం దృష్టిలో లంగరు వేసి ఉండకుండా, ఒడ్డుకు కట్టి ఉండకుండా, నేల పట్టి ఉండకుండా ఉన్న ప్రతి ఓడా అండర్‌వేలో ఉన్నట్టే. ఇంజను ఆపి నీటిలో కదలకుండా నిలిచినా అది అండర్‌వేనే. నీటిలో నిజంగా ముందుకో వెనక్కో సాగుతూ ఉంటే దాన్ని మేకింగ్ వే అంటారు. తేడా చిన్నదిగా కనిపించినా పొగమంచులో ప్రాణాలు దాని మీద ఆధారపడి ఉంటాయి. ఇంజనుతో సాగుతున్న ఓడ రెండు నిమిషాలకు మించని వ్యవధిలో ఒక దీర్ఘ కూత వేయాలి. అండర్‌వేలో ఉండి కదలకుండా నిలిచిన ఓడ రెండు దీర్ఘ కూతలు వేయాలి. వినేవాడు దాన్ని బట్టి ఎదుటి ఓడ తన మీదికి వస్తోందో లేదో తెలుసుకుంటాడు.

అసాధారణ కారణం వల్ల తప్పుకోలేని స్థితిలో పడిన ఓడ నాట్ అండర్ కమాండ్. రాత్రివేళ ఒకదాని కింద ఒకటిగా రెండు ఎర్ర దీపాలు దాని గుర్తు. ఓడ అదుపు తప్పడమంటే ఆగిపోవడం కాదని 2024 మార్చి 26న అమెరికాలోని బాల్టిమోర్‌లో లోకమంతా చూసింది. డాలి అనే కంటైనరు ఓడ విద్యుత్తు కోల్పోయి, ఇంజనూ చుక్కానీ పనిచేయని స్థితిలో తన వేగం కొద్దీ సాగి ఫ్రాన్సిస్ స్కాట్ కీ వంతెన స్తంభాన్ని ఢీకొంది. ఆ ఓడ సిబ్బందిలో అత్యధికులు భారతీయులే.

ఆరో మెట్టు: చుక్కానికీ ఇంజనుకూ ఇచ్చే ఆజ్ఞలు

ఇంజను ఆజ్ఞలు సులువు. ముందుకు సాగడం అహెడ్, వెనక్కు సాగడం ఆస్టెర్న్, ఒక్కోదానికి డెడ్ స్లో, స్లో, హాఫ్, ఫుల్ అనే నాలుగు అంచెలు, మధ్యలో స్టాప్. స్టాప్ అంటే ఇంజను ఆగుతుందని మాత్రమే, ఓడ ఆగుతుందని కాదు.

చుక్కాని ఆజ్ఞల్లో మొదట వైపు, తరువాత కోణం చెబుతారు. 'పోర్ట్ టెన్' అంటే చుక్కానిని ఎడమకు పది డిగ్రీలు తిప్పి అక్కడే పట్టి ఉంచాలి. 'హార్డ్ ఎ స్టార్‌బోర్డ్' అంటే కుడికి పూర్తిగా తిప్పాలి, సాధారణంగా అది 35 డిగ్రీలు. 'మిడ్‌షిప్స్' అంటే చుక్కానిని మధ్యకు తేవాలి. 'ఈజ్ టు ఫైవ్' అంటే కోణాన్ని ఐదుకు తగ్గించాలి. 'స్టెడీ' అంటే ఓడ తిరగడాన్ని వీలైనంత త్వరగా ఆపాలి. 'స్టెడీ యాజ్ షీ గోస్' అంటే ఆజ్ఞ వినిన క్షణంలో దిక్సూచి చూపిన హెడింగ్‌నే నిలపాలి. చుక్కాని పట్టినవాడు ప్రతి ఆజ్ఞనూ బిగ్గరగా తిరిగి పలకాలి, చేశాక చేశానని చెప్పాలి. అధికారి కూడా చుక్కాని కోణం చూపే ముల్లును కంటితో చూసి నిర్ధారించుకోవాలి. ఇంట్లో ఇద్దరు కూర్చుని ఒకరు ఆజ్ఞాపిస్తూ, ఇంకొకరు తిరిగి పలుకుతూ సాధన చేస్తే ఈ పదాలు ఒకటి రెండు రోజుల్లోనే నోటికి వస్తాయి.

పాత వృత్తాంతాలు చదివేవారు ఇక్కడ ఒక విషయం తెలుసుకోవాలి. 1912 ఏప్రిల్ 14 రాత్రి మంచుకొండ కనిపించగానే టైటానిక్ అధికారి ఇచ్చిన ఆజ్ఞ 'హార్డ్ ఎ స్టార్‌బోర్డ్', కాని ఓడ ముక్కు తిరిగింది పోర్ట్ వైపుకు. అందులో తప్పేమీ లేదు. ఆనాటి ఆజ్ఞలు చుక్కాని పిడి కదలవలసిన వైపును చెప్పేవి. పిడి కుడికి పోతే చుక్కాని రేకు ఎడమకు పోతుంది, ఓడా ఎడమకే తిరుగుతుంది. చక్రాలు వచ్చి పిడి కనుమరుగైన తరువాత కూడా ఆ అలవాటు కొనసాగింది. సముద్రంలో ప్రాణరక్షణ కోసం దేశాలు చేసుకున్న 1929 నాటి సోలాస్ ఒప్పందం ఓడ తిరగవలసిన వైపునే పలకాలని నిర్దేశించాక, బ్రిటన్ 1933 నుంచి దాన్ని అమలు చేసింది. కాబట్టి అంతకు ముందరి బ్రిటిష్ ఓడల కథనాల్లో కనిపించే చుక్కాని ఆజ్ఞలను తిరగేసి చదువుకోవాలి.

ఒకదానికొకటి కనిపించేంత దగ్గరలో ఉన్న ఓడలు తమ మలుపును కూతతోనూ తెలుపుతాయి. ఒక పొట్టి కూత అంటే స్టార్‌బోర్డ్‌కు తిరుగుతున్నాను, రెండంటే పోర్ట్‌కు, మూడంటే నా ఇంజను ఆస్టెర్న్‌లో నడుస్తోంది. గబగబా కనీసం ఐదు పొట్టి కూతలు వినిపిస్తే ఎదుటి ఓడ ఉద్దేశం అర్థం కాలేదని గట్టిగా అడుగుతున్నట్టు.

ఏడో మెట్టు: మలుపులో ఓడ ఎలా కదులుతుంది

కారు ముందు చక్రాలతో తిరుగుతుంది, ఓడ వెనుక ఉన్న చుక్కానితో తిరుగుతుంది. ముందుకు సాగుతున్న ఓడ బౌ నుంచి సుమారు పొడవులో నాలుగో వంతు, మూడో వంతు మధ్య ఒక బిందువు చుట్టూ తిరుగుతున్నట్టు కనిపిస్తుంది, దాన్ని పివట్ పాయింట్ అంటారు. దీని పర్యవసానం ఏమిటంటే, ఓడ కుడికి తిరగడం మొదలుపెట్టగానే దాని స్టెర్న్ ఎడమకు వెడల్పుగా ఊగుతుంది. పెద్ద ఓడ ముందుభాగం దాటిపోయిందని ధైర్యంగా దగ్గరకు వచ్చే చిన్న పడవకు ఆ వెనుకభాగమే తగులుతుంది.

మలుపును కొలిచే పదాలు మూడు. చుక్కాని తిప్పిన చోటు నుంచి హెడింగ్ 90 డిగ్రీలు మారేలోగా పాత దిశలో సాగిన దూరం అడ్వాన్స్, పక్కకు జరిగిన దూరం ట్రాన్స్‌ఫర్, 180 డిగ్రీలు తిరిగేసరికి పక్కకు జరిగిన దూరం టాక్టికల్ డయామీటర్. అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2002లో ఆమోదించిన ప్రమాణాల ప్రకారం అడ్వాన్స్ ఓడ పొడవుకు 4.5 రెట్లు, టాక్టికల్ డయామీటర్ 5 రెట్లు మించకూడదు. పూర్తి వేగం నుంచి ఇంజనును పూర్తిగా ఆస్టెర్న్‌లో పెట్టి ఆపే దూరం సాధారణంగా 15 రెట్లలోపు ఉండాలి. 200 మీటర్ల ఓడకు ఆ దూరం మూడు కిలోమీటర్లు. చివరి నిమిషంలో పక్కకు తప్పుకోవడం పెద్ద ఓడకు సాధ్యం కాదనడానికి ఈ ఒక్క సంఖ్య చాలు.

ఎనిమిదో మెట్టు: అలల మీది ఆరు కదలికలు

ఓడ దారి సంగతి పక్కనబెడితే, ఉన్నచోటనే అది ఆరు విధాలుగా కదులుతుంది. మూడు సూటి కదలికలు: ముందువెనుకలకు సర్జ్, పక్కలకు స్వే, పైకీ కిందికీ హీవ్. మూడు తిరుగుడు కదలికలు: పొడవు అక్షం చుట్టూ ఇరుపక్కలకూ ఒరగడం రోల్, ముక్కు లేచి పడటం పిచ్, ముక్కు అటూ ఇటూ తిరగడం యా. వీటిలో ఓడ రూపకర్తలనూ కెప్టెన్లనూ ఎక్కువగా భయపెట్టేది రోల్. 1998 అక్టోబరులో పసిఫిక్ మహాసముద్రంలో ఏపీఎల్ చైనా అనే కంటైనరు ఓడ తుపానులో అలలకు దాదాపు ఎదురుగా సాగుతూ కూడా విపరీతంగా ఒరిగి వందల కంటైనర్లను కోల్పోయింది. ఎదురు అలల్లో ఓడ నీటిగీత ఆకారం క్షణక్షణం మారడం వల్ల రోల్ తనంతట తాను పెరిగే ఆ పరిణామాన్ని పారామెట్రిక్ రోలింగ్ అంటారు.

ఊగకుండా ఒక పక్కకు ఒరిగి నిలిచిన స్థితికి వేరే పదాలు ఉన్నాయి. గాలి, మలుపు వంటి బయటి బలం వల్ల ఒరిగితే హీల్. లోపలి బరువు ఒక పక్కకు ఎక్కువై ఒరిగితే లిస్ట్. ముందు, వెనుక భాగాల మునుగుడు లోతుల తేడా ట్రిమ్.

తొమ్మిదో మెట్టు: తుపాను సంకేతాల్లోని ఎడమ కుడులు

ఇంతవరకు నేర్చిన పద్ధతి మన తీరవాసులకు నేరుగా పనికొచ్చే చోటు ఇది. తుపాను సమయంలో రేవుల్లో ఫలానా నంబరు ప్రమాద హెచ్చరిక ఎగురవేశారని వార్తల్లో వింటాం. నంబరు పెరిగిన కొద్దీ తీవ్రత పెరుగుతుందని మాత్రమే చాలామంది అనుకుంటారు, కాని అందులో దిక్కు కూడా ఉంది. తుపాను సాగే దారికి రేవు ఎడమవైపు ఉంటుందనుకుంటే ఐదో నంబరు, కుడివైపు ఉంటుందనుకుంటే ఆరో నంబరు, రేవు మీదుగా లేదా అతి దగ్గరగా దాటుతుందనుకుంటే ఏడో నంబరు. తీవ్ర తుపాను విషయంలో ఇదే వరుసలో ఎనిమిది, తొమ్మిది, పది. వాతావరణ హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయినప్పుడు పదకొండు.

ఇక్కడి ఎడమ కుడులు చూసేవాడివి కావు, తుపానువి. తుపాను సాగే వైపు ముఖం పెట్టి నిలిచినట్టు ఊహించుకుని లెక్కించాలి. ఉత్తరార్ధగోళంలో తుపాను గాలులు గడియారానికి వ్యతిరేక దిశలో తిరుగుతాయి కనుక, దాని కుడిపక్కన సుడిగాలి వేగానికి తుపాను ముందుకు సాగే వేగం తోడవుతుంది. బంగాళాఖాతం నుంచి మన తీరానికి వచ్చే తుపానుకు కుడిపక్కన గాలి సముద్రం నుంచి నేల మీదికి వీస్తుంది, ఉప్పెనను తోసుకువస్తుంది. 1977 నవంబరు 19న తుపాను చీరాల సమీపంలో తీరం దాటినా ఉప్పెన ముంచెత్తింది దివిసీమను, అది ఆ తుపాను దారికి కుడివైపున ఉంది.

నడిసముద్రంలో ఉన్న ఓడ కూడా ఇదే లెక్క వేసుకుంటుంది. గాలికి ఎదురుగా నిలబడితే ఉత్తరార్ధగోళంలో తుపాను కేంద్రం కుడిచేతి వైపు, కాస్త వెనుకగా ఉంటుంది. ఓడ దాదాపు నిలకడగా ఉన్నప్పుడు గాలి దిక్కు గడియారం తిరిగే వైపుగా మారుతూ ఉంటే దాన్ని వీరింగ్ అంటారు, ఓడ ప్రమాదకరమైన కుడి అర్ధవృత్తంలో ఉన్నట్టు. వ్యతిరేక దిశలో మారుతూ ఉంటే బ్యాకింగ్, ఓడ కొంత మేలైన ఎడమ అర్ధవృత్తంలో ఉన్నట్టు. మారకుండా గాలి పెరుగుతూ, వాయుపీడనం తగ్గుతూ ఉంటే తుపాను సూటిగా మీదికే వస్తోంది. బేరింగ్ మారకుండా దగ్గరవుతున్న ఓడ విషయంలో మనం చేసిన పరీక్షకు ఇది సోదరి.

పదో మెట్టు: నిజమైన ఓడల మీద సాధన

ఫోనులో ఓడల కదలికలను చూపే ఏ పటాన్నైనా తెరిచి విశాఖ, కాకినాడ, కృష్ణపట్నం రేవుల ముందు సముద్రాన్ని చూడండి. అంతర్జాతీయ యానం చేసే 300 గ్రాస్ టన్నులు, అంతకు పైబడిన ఓడలన్నీ ఏఐఎస్ అనే పరికరంతో తమ వివరాలను ప్రసారం చేయాలని సోలాస్ నియమం. ఒక ఓడను ఎంచుకుని దాని హెడింగ్, కోర్స్ ఓవర్ గ్రౌండ్, స్పీడ్ ఓవర్ గ్రౌండ్, స్థితి అనే నాలుగింటినీ కాగితం మీద రాసుకోండి. హెడింగ్‌కూ కోర్స్ ఓవర్ గ్రౌండ్‌కూ నాలుగైదు డిగ్రీల తేడా కనిపిస్తే అది ప్రవాహమో గాలో చేస్తున్న పని. ఎటు నెడుతోందో గీసి చూడండి. అదే రోజు ఎదురు దిశలో పోయే మరో ఓడను కూడా తీసుకుని, రెండింటినీ ఒకే వైపుకు నెడుతున్నట్టు తేలితే మీ లెక్క సరైనదని నమ్మవచ్చు.

లంగరు వేసిన ఓడల దగ్గర మాత్రం కోర్స్ ఓవర్ గ్రౌండ్‌ను పట్టించుకోవద్దు. వేగం సున్నాకు దగ్గరైనప్పుడు జీపీఎస్‌లోని చిన్నపాటి తేడాలే ఆ అంకెను ఇష్టం వచ్చినట్టు తిప్పుతాయి. అక్కడ చూడవలసింది హెడింగ్. లంగరు గొలుసు ముందుభాగం నుంచి దిగుతుంది కనుక ఓడ తన ముక్కును గాలికో ప్రవాహానికో ఎదురుగా పెట్టుకుని నిలుస్తుంది. పక్కపక్కనే లంగరు వేసిన ఓడలన్నీ ఒకే హెడింగ్ చూపుతూ ఉంటే ఆ సమయానికి అక్కడ బలం దేనిదో తెలుస్తుంది. నిండుగా మునిగిన ట్యాంకరు ఒక వైపుకూ, ఖాళీగా తేలిన ఓడ మరో వైపుకూ తిరిగి ఉంటే మొదటిది ప్రవాహానికి, రెండోది గాలికి లొంగిందని గ్రహించి, రెండింటి హెడింగులనూ విడివిడిగా రాసుకోవాలి.